సీఎన్జీ కారు కొనాలా? రోజూ గుంటూరు–విజయవాడ తిరిగేవాళ్ళకి కలిసొస్తుందా?

గుంటూరు మిర్చి (గుంటూరు):
అందరికీ నమస్కారం. విజయవాడలో కాలేజీ ఉద్యోగం, గుంటూరులో ఇల్లు. రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు, వారానికి ఆరు రోజులు. పాత ఆల్టో అమ్మేసి కొత్త వ్యాగన్ఆర్ తీసుకుందామని చూస్తున్నాం. షోరూమ్‌లో సీఎన్జీ తీసుకోమని ఒకటే పోరు. అదే మోడల్ పెట్రోల్ బండి కంటే తొంభై వేల దాకా ఎక్కువ చెబుతున్నారు. అత్తయ్యగారేమో "వెనకాల బాంబు పెట్టుకుని తిరుగుతావా" అంటున్నారు. మావారు "ఢిల్లీలో గ్యాస్ చవక కాబట్టి అక్కడ చెల్లుతుంది, మన దగ్గర రేటు ఎక్కువ, కలిసిరాదు" అంటున్నారు. డబ్బు నిజంగా మిగులుతుందా, భయపడాల్సింది ఏమైనా ఉందా, బంకు దగ్గర ఎంతసేపు ఆగాల్సొస్తుంది? ఈ మూడూ తేలితే చాలు నాకు. వాడుతున్నవాళ్ళు చెప్పండి, వీడియోలు చూసి చూసి విసుగొచ్చింది.

లెక్కల మాస్టారు (ఒంగోలు):
అమ్మా, మీవారి మాట చాలామంది నోట వింటుంటాను. వినడానికి నిజంలాగే ఉంటుంది, కాగితం మీద పెడితే నిలవదు. చూడండి.

2025 రేట్లు తీసుకుంటే ఢిల్లీలో పెట్రోలు లీటరు సుమారు 95 రూపాయలు, సీఎన్జీ కిలో 77. హైదరాబాద్‌లో పెట్రోలు 107, సీఎన్జీ 96 ప్రాంతం. లీటరుకి 20 కిలోమీటర్లు ఇచ్చే బండి కిలో గ్యాసుకి 28 ఇస్తుందనుకుందాం. కంపెనీ వ్యాగన్ఆర్‌కి 34 అని చెబుతుంది, అది పరీక్షలో వచ్చిన అంకె, మన రోడ్ల మీద, మన ఏసీతో అంత రాదు.

ఢిల్లీలో కిలోమీటరుకి పెట్రోలు ఖర్చు 4.75, గ్యాసు ఖర్చు 2.75. మిగిలేది 2 రూపాయలు. హైదరాబాద్‌లో పెట్రోలు 5.35, గ్యాసు 3.43. మిగిలేది రూపాయి 92 పైసలు. రెంటికీ తేడా ఎనిమిది పైసలు! ఎందుకంటే మన దగ్గర గ్యాసు ఒక్కటే కాదు, పెట్రోలు కూడా ఢిల్లీ కంటే ప్రియమే. గ్యాసు రేటు ఒక్కదాన్నే పోల్చి చూస్తే ఆ సంగతి కనపడదు.

ఇక మీ తొంభై వేలు. కిలోమీటరుకి 1.92 చొప్పున అవి తిరిగి రావాలంటే సుమారు 47 వేల కిలోమీటర్లు నడపాలి. మీరు ఏడాదికి ఇరవై వేలు తిరుగుతారు కాబట్టి రెండేళ్ళ నాలుగు నెలల్లో వచ్చేస్తాయి. ఆ తర్వాత ఏటా ముప్పై ఎనిమిది వేలు మిగులు. నెలకి అయిదు వందల కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి ఇదే లెక్క దాదాపు ఎనిమిదేళ్ళు పడుతుంది. వాళ్ళకి నేనైతే పెట్రోలు బండే చాలంటాను.

మీ ఊరి బంకులో ఇవాళ్టి రేట్లు వేసుకుని ఇదే లెక్క మీరే ఒకసారి చేసుకోండి.

ఓరుగల్లు క్యాబ్ (హనుమకొండ):
మాస్టారు లెక్క కరెక్టే సార్, కానీ అందుల టైమ్ లెక్క లేదు. నేను వరంగల్–హైదరాబాద్ క్యాబ్ నడుపుత. గ్యాస్ బండి మీదనే ఇల్లు గడుస్తది, నేను దానికి వ్యతిరేకం గాదు. కానీ మేడం, మీరు ఏ టైముకు కొట్టిస్తరన్నదే అసలు ముచ్చట. పొద్దుగాల ఆరు గాకముందు పోతే పది నిమిషాల్ల అయిపోతది. సాయంత్రం ఆటోలన్నీ ఒక్కసారే వచ్చే టైముకు పోయిన్రనుకోండి, లైన్ రోడ్డు మీదికి వస్తది. గంట పోయినా పోతది.

ఇంకోటి. లైన్ల నిలబడి నిలబడి పైపు పెట్టించుకుంటే ప్రెషర్ ఉండదు. మీటర్ల ముల్లు 200 దాకా పోవాలె, అది 140 కాడనో 150 కాడనో ఆగిపోతది. నిండుగ ఎనిమిది కిలోలు పట్టే సిలిండర్ల ఆరు కిలోలు గూడ పడదు. మళ్ళ తెల్లారే లైన్ల నిలబడాలె. అందుకే ఏ బంకుల ప్రెషర్ మంచిగుంటదో మా డ్రైవర్లకు నోటికి వస్తది. మీరు బండి కొనకముందే మీ రూట్ల బంకుల కాడికి పోయి, ఆటో తమ్ముళ్ళను అడగుండ్రి. వాళ్ళు చెప్పినంత నిజం ఎవ్వలు చెప్పరు.

పైప్‌లైన్ పంతులు (కాకినాడ):
క్యాబ్ అన్న చెప్పినదానికి కారణం రాస్తాను. నేను సిటీ గ్యాస్ రంగంలోనే, అంటే ఊళ్ళలో ఇళ్ళకీ బండ్లకీ గ్యాస్ సరఫరా చేసే రంగంలోనే పనిచేస్తున్నాను, ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం.

బంకులన్నీ ఒకటి కావు. కొన్నిటికి పైప్‌లైన్ నేరుగా వస్తుంది, అక్కడే కంప్రెసర్ ఉంటుంది. వాటిని మేం మదర్ స్టేషన్ అనీ, ఆన్‌లైన్ స్టేషన్ అనీ అంటాం. మదర్ స్టేషన్‌లో బండ్లకే కాకుండా లారీల మీద వెళ్ళే సిలిండర్లకీ గ్యాస్ నింపుతారు. ఆ సిలిండర్ల వరసనే కాస్కేడ్ అంటారు. పైప్‌లైన్ ఇంకా చేరని చోట ఉండేవి డాటర్ స్టేషన్లు, కాస్కేడ్ లారీలు వచ్చి అక్కడ నిలబడతాయి. లారీ అప్పుడే వచ్చిందంటే ఒత్తిడి నిండుగా ఉంటుంది. ఒక్కో బండికీ పడుతున్న కొద్దీ కాస్కేడ్‌లో ఒత్తిడి దిగిపోతుంది. డాటర్ స్టేషన్‌లో బూస్టర్ (ఒత్తిడి మళ్ళీ పెంచే యంత్రం) ఉంటే కొంత నయం. అయినా కాస్కేడ్ ఖాళీ అయిందంటే తర్వాతి లారీ కోసం ఆగాల్సిందే. హైవే మీద బోర్డు చూసి ఆగితే "గ్యాస్ లేదండి, లారీ రావాలి" అనేది ఇందుకే. కాబట్టి గుంటూరు మిర్చి గారూ, మీ దారిలో ఉన్నది ఆన్‌లైనా, డాటరా అని బంకులోనే అడగండి, చెబుతారు. ఆన్‌లైన్ స్టేషన్ ఒక్కటి దారిలో ఉంటే మీ సగం సమస్య తీరినట్టే.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. గ్యాస్‌ని వేగంగా ఎక్కిస్తే సిలిండర్ లోపల వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొట్టేటప్పుడు అడుగు భాగం వేడెక్కినట్టే. వేడెక్కిన గ్యాస్ తక్కువ బరువుతోనే 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) చూపించేస్తుంది, మెషిన్ ఆగిపోతుంది. బండి చల్లారాక ముల్లు కిందకి దిగుతుంది. మే నెల మధ్యాహ్నం కొట్టిస్తే అరకిలో, ముప్పావు కిలో తక్కువ పడిందని జనం గొడవ పెట్టుకుంటారు. డబ్బు కిలోలకే కాబట్టి మోసమేమీ లేదు, బండి తిరిగే దూరం మాత్రం తగ్గుతుంది. తెల్లవారుజామునే కొట్టించుకోమనడానికి లైను ఒక్కటే కారణం కాదు.

గుంటూరు మిర్చి:
చాలా థాంక్స్ అండీ. మాస్టారి లెక్క మావారికి చూపించాను, ఆయన కాలిక్యులేటర్ తీసుకుని కూర్చున్నారు. భయం సంగతి ఎవరైనా చెప్పండి. అత్తయ్యగారు కాలిపోయిన మారుతీ వ్యాన్ల వార్తలు చదివి బెంబేలెత్తి ఉన్నారు.

తెనాలి గ్యారేజ్ (తెనాలి):
మేడమ్, అమ్మగారు చదివిన ఆ వ్యాన్లు చాలావరకు సీఎన్జీవి కావు. ఇంట్లో వంటకి వాడే సిలిండర్‌ని వ్యాన్లో పెట్టుకునో, దాన్నించి మోటారుతో బండి ట్యాంకులోకి ఎక్కించుకునో నడిపేవాళ్ళు. అది ఎల్పీజీ, పైగా దొంగతనంగా చేసే పని. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకయితే సీటు కింద, నేల మీద మడుగులా పరుచుకుని ఉంటుంది, ఎక్కడో చిన్న నిప్పురవ్వ తగిలితే చాలు. సీఎన్జీ అంటే మీథేన్. గాలి బరువులో సగానికి కాస్త పైన. లీకయితే పైకి పోతుంది, గాలి ఆడే చోట నిలవదు. తనంతట తాను అంటుకోవాలంటే 540 డిగ్రీల వేడి కావాలి, పెట్రోలుకి 250 ప్రాంతంలోనే సరిపోతుంది. గాల్లో నూటికి 5 నుంచి 15 పాళ్ళు ఉన్నప్పుడే మండుతుంది.

అట్లాగని నిర్లక్ష్యం చెయ్యకూడదు. లోపల 200 బార్ ఒత్తిడి ఉంది, కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. భయం గ్యాస్ గురించి కాదు, సిలిండర్ గురించి, పైపు జాయింట్ల గురించి ఉండాలి. మూసేసిన గ్యారేజీలో, గాలి ఆడని షెడ్డులో బండి పెడితే పైకి పోయిన గ్యాస్ కప్పు కింద చేరుతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

కంపెనీ బిగించి ఇచ్చిన బండిలో డిక్కీ తీసి చూడండి. సిలిండర్ మెడ దగ్గర వాల్వు ఉంటుంది, దాని చుట్టూ గాలి చొరబడని సంచి కట్టి ఉంటుంది. ఆ సంచికి లావుపాటి గొట్టాలు ఉంటాయి, అవి డిక్కీ అడుగునుంచి బండి బయటికి పోతాయి. వాల్వు దగ్గర కొద్దిగా కారినా గ్యాస్ సంచిలో పడి బయటికే పోవాలని ఆ ఏర్పాటు. నా దగ్గరికి వచ్చే, బయట షాపుల్లో గ్యాస్ కిట్ బిగించుకున్న బండ్లలో కొన్నిటికి ఈ సంచి చిరిగిపోయి ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. డిక్కీలో సామాన్లు దాని మీదికి తోసేస్తారు. బస్తాలు, స్టాండ్లు, అన్నీ. దయచేసి అలా చెయ్యకండి.

వాసన వస్తోందంటే ముందు ఇంజన్ ఆపండి, అద్దాలు దించండి, సిలిండర్ వాల్వు చేత్తో తిప్పి కట్టేయండి. సహజంగా ఆ గ్యాస్‌కి వాసన లేదు, లీకు తెలియాలని మెర్కాప్టన్ అనే ఘాటు వాసన రసాయనం కలుపుతారు. ఎక్కడ కారుతోందో సబ్బునీళ్ళతోనే చూడాలి, నురగ బుడగలు లేచిన చోటు పట్టుకుంటాం.

ఇంకా చెప్పాలంటే బంకులో "సుయ్" మని శబ్దం వస్తే చాలామంది వణికిపోతారు. గ్యాస్ పట్టే వాల్వులో చిన్న రబ్బరు ఓ రింగ్ ఉంటుంది, వేలి ఉంగరం కంటే చిన్నది. రోజూ పైపు పెట్టి తీసి, పెట్టి తీసి అది అరిగిపోతుంది. అప్పుడు నింపేటప్పుడు కారుతుంది. కొత్త రింగ్ వేస్తే పది నిమిషాల పని. అరిగిన రింగ్‌తో నెలల తరబడి తిరగకండి.

నింపేటప్పుడు బండిలో ఎవర్నీ ఉంచకూడదు. వాన వస్తోందనో, పిల్లాడు నిద్రపోతున్నాడనో లోపలే కూర్చోకండి. అందరూ దిగాల్సిందే.

కోనసీమ కొబ్బరి (అమలాపురం):
భయం మాట వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పాలండి. మా ప్రాంతంలో గ్యాస్ అంటే ఎవరూ తేలిగ్గా తీసుకోరండి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారండి. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. మీరు కారులో పోసుకునే గ్యాస్ ఆకాశంలోంచి ఊడిపడదండి, మా కొబ్బరి తోటల కిందనుంచి పైపుల్లో వస్తోంది. సురక్షితం అని చెప్పేవాళ్ళు కారు దగ్గర మొదలెట్టి కారు దగ్గరే ఆపేస్తారు. పైపు దగ్గర్నుంచి మొదలెట్టండి అంటాను నేను.

పైప్‌లైన్ పంతులు:
కొబ్బరి గారూ, మీ మాట నూటికి నూరుపాళ్ళు న్యాయం. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు నగరం ప్రమాదాన్ని మర్చిపోకూడదు. అక్కడ జరిగింది ఏమిటంటే, పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే ద్రవ ఇంధనం) కలిసిన గ్యాస్ వెళ్ళి లోపలినుంచి తుప్పు పట్టింది. లీకైన గ్యాస్ మబ్బులా పరుచుకుని ఊరి మధ్యలో అంటుకుంది. అది గ్యాస్ స్వభావం వల్ల జరిగింది కాదు, గొట్టాన్ని చూసుకోవాల్సినవాళ్ళు చూసుకోకపోవడం వల్ల జరిగింది. అందుకే కారు సిలిండర్ విషయంలోనూ నేను ఒక్కటే అడుగుతాను: దాన్ని ఎవరు, ఎప్పుడు పరీక్ష చేశారు?

మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి. సిలిండర్ విప్పి, గ్యాస్ ఖాళీ చేసి, నీళ్ళతో నింపి, మామూలుగా పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకి పైగా ఎక్కించి చూస్తారు. నీళ్ళే ఎందుకంటే నీరు కుదించుకుపోదు. సిలిండర్ పగిలినా నీళ్ళు చిమ్మి ఆగిపోతాయి, గ్యాస్ అయితే పేలుతుంది. ఒత్తిడికి సిలిండర్ ఎంత ఉబ్బింది, దింపాక మళ్ళీ ఎంత వెనక్కి వచ్చింది అన్నది కొలుస్తారు. వెనక్కి రావాల్సినంత రాకపోతే ఆ సిలిండర్ పనికిరాదు. నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉన్న చోటే చేయించాలి. చేశాక తేదీ సిలిండర్ మీద కొడతారు, బండికి పెట్టే రేకు మీదా రాస్తారు.

ఓరుగల్లు క్యాబ్:
మా దిక్కు చానామంది టెస్ట్ చేపియ్యరు సార్. "బండి రెండు రోజులు ఆగుతది, కిరాయి పోతది" అంటరు. కొన్ని బంకులల్ల రేకు సూడకుంటనే కొట్టేస్తరు. నేనైతే పిల్లల్ని ఎక్కించుకునే బండికి ఒక్క రోజు గూడ దాటనియ్య.

ఢిల్లీ తెలుగోడు (న్యూఢిల్లీ):
నేను ఢిల్లీలో పాతికేళ్ళకి పైగా ఉంటున్నాను. ఇక్కడ సీఎన్జీ జనం ఇష్టపడి తెచ్చుకున్నది కాదు, కోర్టు తెప్పించింది. పర్యావరణ కేసులు వాదించే లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో 1998 జులై 28న సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది, సిటీ బస్సులన్నీ 2001 మార్చి 31 కల్లా సీఎన్జీకి మారాలని. గడువు వచ్చేసరికి బస్సులూ చాల్లేదు, బంకులూ చాల్లేదు. ఆటోలవాళ్ళు రాత్రంతా లైన్లో బండిలోనే పడుకున్న రోజులవి. 2002 ఆఖరికి డీజిల్ సిటీ బస్సులు పోయాయి, నల్లటి పొగ నిజంగా తగ్గింది. కళ్ళ మంట తగ్గింది. తర్వాత బండ్ల సంఖ్య పెరిగిపోయి మళ్ళీ గాలి పాడైంది, ఆ నింద సీఎన్జీ మీద వెయ్యడం న్యాయం కాదు.

ముందు బంకులు, తర్వాత బండ్లు. ఇక్కడ తలకిందులైంది అదే. ఇప్పుడు మన ఊళ్ళలోనూ బండ్ల అమ్మకాలు బంకుల కంటే ముందు పరుగెడుతున్నట్టున్నాయి.

బ్యాటరీ బండి (కూకట్‌పల్లి):
ఇంత తంటా ఎందుకండీ? కొనేదేదో కరెంటు బండే కొనుక్కోవచ్చు కదా. సొంత ఇల్లు, సొంత మీటరు ఉంటే కిలోమీటరుకి రూపాయి, రూపాయిన్నర దాటదు. పైగా మీథేన్ గాల్లోకి పోతే వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. బంకు దగ్గర "సుయ్" మని పోయేదంతా అదే కదా.

లెక్కల మాస్టారు:
కరెంటు లెక్క సరే నాయనా, కానీ ఆ అమ్మాయి చూస్తున్న ధరలో రోజూ డెబ్బై కిలోమీటర్లు, మధ్యమధ్య ఒంగోలు, తిరుపతి వెళ్ళొచ్చే కరెంటు బండి ఏదో పేరు చెప్పు, నేనే లెక్క కట్టి పెడతాను. సొంత ఇంటి మీటరు ఉన్నవాళ్ళకీ, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టుకునేవాళ్ళకీ లెక్క ఒకటి కాదు.

గుంటూరు మిర్చి:
మాది అపార్ట్‌మెంటే అండీ. ఛార్జింగ్ పాయింట్ పెట్టుకోవడానికి అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు. అందుకే కరెంటు బండి ఇప్పటికి పక్కన పెట్టాం. తిరుపతి మాట మాస్టారు అన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఏడాదికోసారి కొండకి వెళ్తాం. ఘాట్ రోడ్డు ఎక్కుతుందా?

చిత్తూరు చింత (చిత్తూరు):
ఎక్కతాది మేడం, ఎందుకెక్కదు. మా సీఎన్జీ బండిలో తిరుమల కొండకి ఎప్పుడు పడితే అప్పుడు పోయొస్తా ఉంటాం. కానీ నలుగురు కూసోని, సామాన్లు పెట్టుకోని, ఏసీ ఏస్కోని పోతే గ్యాస్ మీద లాగేటప్పుడు బరువుగా తెలస్తాది. ఒక లీటర్ ఇంజన్ వ్యాగన్ఆర్ పెట్రోల్‌లో 67 హార్స్‌పవర్ అయితే గ్యాస్‌లో 57 ప్రాంతమే. గ్యాస్ ఇంజన్లోకి పోయేటప్పుడు గాలి చోటు అది ఆక్రమించేస్తాది, అందుకే శక్తి తగ్గేది. అలిపిరి దాటినాక బటన్ నొక్కి పెట్రోల్‌లోకి మార్చుకుంటే సాఫీగా పోతాది. దిగేటప్పుడు గ్యాసే. ట్యాంకులో పెట్రోల్ అడుగంటనీకండి, నేను ఎప్పుడూ పావు ట్యాంకు పైనే ఉంచతా.

తెనాలి గ్యారేజ్:
ఆ పావు ట్యాంకు మాట అందరూ రాసిపెట్టుకోండి. బండి పొద్దున్నే పెట్రోల్ మీద స్టార్ట్ అయ్యి తర్వాతే గ్యాస్‌కి మారుతుంది. టాటా బండ్లు కొన్ని నేరుగా గ్యాస్ మీదే స్టార్ట్ అవుతాయి, మిగతావి చాలావరకు పెట్రోల్ మీదే. "గ్యాస్ ఉందిగా" అని పెట్రోల్ పొయ్యకుండా తిరిగితే ట్యాంకులో ఉండే పంపు ఎండి పాడవుతుంది. పెట్రోల్‌లో మునిగి ఉంటేనే అది చల్లగా ఉంటుంది. నెలల తరబడి పాత పెట్రోలే ఉంచినా మంచిది కాదు, అప్పుడప్పుడూ కొంతదూరం పెట్రోల్ మీద నడిపి కొత్తది పోయించండి. వీధి చివర కూరగాయలకి వెళ్ళొచ్చే బండి గ్యాస్‌కి మారేలోపే ఇల్లు చేరుతుంది, వాళ్ళకి ఆదా ఏమీ ఉండదు.

ప్లగ్గులు పెట్రోల్ బండి కంటే ముందే మార్చాలి. మీథేన్‌ని రగిలించడానికి గట్టి స్పార్క్ కావాలి. ప్లగ్గు అరిగినా, కాయిల్ నీరసించినా పెట్రోల్‌లో తెలియదు, గ్యాస్‌కి మారగానే జర్కులు మొదలవుతాయి. చాలామంది "గ్యాస్ బాగోలేదు" అని బంకులు మారుస్తుంటారు, ప్లగ్గులు మారిస్తే బండి దారిలోకి వస్తుంది. ఎయిర్ ఫిల్టర్, గ్యాస్ ఫిల్టర్ కూడా సమయానికి మార్చాలి. గ్యాస్ పొడిగా మండుతుంది, వాల్వు సీట్లు అరుగుతాయి. కంపెనీ బండిలో అందుకు తగ్గ సీట్లే వేస్తారు. మామూలు పెట్రోల్ ఇంజన్‌కి బయట కిట్ బిగిస్తే ఆ బలం ఉండదు.

విజయనగరం వీణ (విజయనగరం):
బయట కిట్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా అన్నయ్య బండికి ఒక షాపులో కిట్ పెట్టించాడు. ఆర్సీలో ఎక్కించలేదు. ఏడాది తిరగకుండా వెనకనుంచి లారీ గుద్దింది. ఇన్సూరెన్స్ సర్వేయర్ డిక్కీ తెరిచి సిలిండర్ చూసి, ఆర్సీ చూసి, క్లెయిమ్ అక్కడే ఆపేశాడు. ఇప్పుడు ఏం చెయ్యొచ్చు?

లెక్కల మాస్టారు:
అమ్మా, జరిగినదానికి లాయరునీ, ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌నీ సంప్రదించండి. సర్వేయర్ ఏ కారణం రాశాడో ఆ కాగితం కాపీ ముందు తీసుకోండి. కొత్తగా పెట్టించేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఆ మోడల్ బండికి ఆమోదం ఉన్న కిట్ అయ్యుండాలి. ఆర్టీఓ దగ్గర ఆర్సీలో ఇంధనం పెట్రోల్/సీఎన్జీ అని మారాలి. తర్వాత పాలసీలో కూడా ఎక్కించుకోవాలి. దానికి థర్డ్ పార్టీ వైపు 60 రూపాయలు, సొంత బండి నష్టానికి కిట్ విలువలో నాలుగు శాతం అదనం, పాత టారిఫ్ నుంచి నడుస్తున్న లెక్క ఇది. యాభై వేల కిట్‌కి రెండు వేల చిల్లర. ఆ రెండు వేల దగ్గర కక్కుర్తిపడితే బండి మొత్తం పోతుంది.

కోనసీమ కొబ్బరి:
ఒక సందేహమండి. గ్యాస్ మా దగ్గరే పుడుతోంది కదా, మరి రేటు ఎందుకు ఇలా పెరుగుతా ఉంటుందండి? పంతులు గారు చెప్పాలి.

పైప్‌లైన్ పంతులు:
దేశంలో వాడే గ్యాస్‌లో దాదాపు సగం ఓడల్లో ఎల్‌ఎన్‌జీగా, అంటే చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్‌గా, బయటి దేశాల నుంచి వస్తుంది. మన పాత బావుల నుంచి వచ్చే చవక గ్యాస్‌ని ముందుగా ఇళ్ళ వంట గ్యాస్ పైపులకీ, సీఎన్జీకీ కేటాయిస్తారు. 2023 ఏప్రిల్‌లో దాని ధరని ముడిచమురు ధరలో పదో వంతుగా కట్టారు, గ్యాస్ లెక్కకట్టే యూనిట్‌కి (పది లక్షల బీటీయూ) పై హద్దు 6.5 డాలర్లు పెట్టారు. అది వాడేవాళ్ళకి మేలు చేసింది. కానీ పాత బావుల్లో ఉత్పత్తి ఏటేటా తగ్గుతోంది, బండ్లు ఏటేటా పెరుగుతున్నాయి. 2024 చివర్లో ఆ చవక గ్యాస్ కేటాయింపుని సిటీ గ్యాస్ కంపెనీలకి బాగా కోశారు. లోటుని ఖరీదైన గ్యాస్‌తో పూడ్చుకోవాలి, ఆ భారం కిలో రేటులో కనబడుతుంది. పైన రాష్ట్రాల వ్యాట్. సహజవాయువు ఇంకా జీఎస్టీలోకి రాలేదు, అందుకే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రేటు. కాబట్టి మాస్టారు లెక్కలో మిగులు ఎప్పటికీ రెండు రూపాయలే ఉంటుందని అనుకోకండి. పెట్రోలు అలాగే ఉండి గ్యాస్ పది రూపాయలు పెరిగితే ముప్పై అయిదు పైసలు తరుగుతుంది.

గుంటూరు మిర్చి:
మావారు ఆ ముప్పై అయిదు పైసలు కూడా తీసేసి లెక్క వేశారు. మూడేళ్ళలోపే వస్తున్నాయి. కంపెనీ బిగించిన సీఎన్జీ బండికే అడ్వాన్స్ ఇస్తున్నాం. బయటి కిట్ వద్దనుకున్నాం. దారిలో ఉన్న రెండు బంకులకీ వెళ్ళి అడిగాను, ఒకటి ఆన్‌లైన్, ఒకటి లారీ మీద వచ్చేది. ఆన్‌లైన్ బంకులో పొద్దున ఆరున్నరకి మూడే మూడు ఆటోలున్నాయి. డిక్కీ ఒక్కటే దిగులు, సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు పెట్టెలు ఎక్కడ పెట్టాలో.

చిత్తూరు చింత:
పైన క్యారియర్ ఏయించుకోండి. లేదంటే టాటా, హ్యుందాయ్ వాళ్ళు రెండు చిన్న సిలిండర్లు అడుగున పెట్టి ఇస్తా ఉండారు, డిక్కీ కొంచెం మిగలతాది. రేటు ఎక్కువ, ఒకసారి పోయి చూసుకోని నిర్ణయం చేసుకోండి.

నంద్యాల కొత్త (నంద్యాల):
నమస్తే అన్నలూ, ఇదే చర్చలో అడగొచ్చా? సెకండ్ హ్యాండ్‌లో 2019 మోడల్ సీఎన్జీ బండి చూసినా. రేటు బాగుంది, ఇంజన్ సౌండ్ బాగుంది. ఓనర్ "టెస్ట్ ఈ మధ్యనే అయ్యింది" అంటాండాడు. కాగితం దొరకలేదంట.

తెనాలి గ్యారేజ్:
కాగితం లేకపోయినా సిలిండర్ చెబుతుంది తమ్ముడూ. డిక్కీలో తివాచీ తీసి, టార్చి లైట్ వేసి సిలిండర్ భుజం మీద చూడు. లోహంలోనే గుద్దిన అంకెలుంటాయి. తయారైన నెల, సంవత్సరం ఒకచోట, తర్వాత టెస్ట్ జరిగిన ప్రతిసారీ ఇంకో తేదీ పక్కనే. 2019 బండికి ఈపాటికి కనీసం ఒకటి, రెండు తేదీలు అదనంగా ఉండాలి. పెయింట్ కొత్తగా కొట్టి అంకెలు కప్పేసి ఉంటే అనుమానించు. పెట్రోల్ మూత దగ్గరో బానెట్ కిందో ఉండే రేకు మీద సిలిండర్ నంబరూ, దాని మీద గుద్దిన నంబరూ ఒకటేనా చూడు.

నంద్యాల కొత్త:
ఇప్పుడే పోయి చూసినా అన్నా. 2019 ఒక్కటే ఉంది. ఇంకే తేదీ లేదు. బెల్టు కింద కొంచెం తుప్పు గూడా కనపడ్తాంది.

తెనాలి గ్యారేజ్:
అయితే టెస్ట్ జరగలేదు. బెల్టు కింద నీళ్ళు నిలిచి తుప్పు పట్టడం మామూలే, అది ఎంత లోతుకి పోయిందన్నది విప్పితేగానీ తెలియదు. ఓనర్‌తో ఒకటే మాట చెప్పు: ముందు ఆయన ఖర్చుతోనే టెస్ట్ చేయించాలి, తేదీ పడిన సిలిండర్‌తో బండి చూపించాలి, అప్పుడే అడ్వాన్స్. ఒప్పుకోకపోతే సిలిండర్ కొత్తది వేసుకునే ఖర్చు రేటులో తగ్గించమను. ఈలోపు ట్రయల్ వేస్తే పెట్రోల్ మీదే వెయ్యి, గ్యాస్ మాత్రం కొట్టించొద్దు.

నంద్యాల కొత్త:
సరే అన్నా. రేపు పొద్దున ఆయనతో మాట్లాడి, సిలిండర్ ఫొటో ఇక్కడే పెడతా.